గోసాని నువాగాంలో నిండని గ్రహణం

మా సైన్సు ప్రచార కార్యాలయం ఈమధ్య ఒక జ్ఞాపక సంచిక వేసింది. పదవీ విరమణ చేసినవాళ్లందరినీ తలా రెండు పేజీలు రాయమన్నారు. నన్ను అడగలేదు. లోపల ఒక ఫోటోలో మాత్రం ఉన్నాను, వ్యాను పక్కన, దుర్భిణి మీద చెయ్యి వేసుకుని. కింద "మన సంచార ప్రదర్శన వాహనం" అని అచ్చువేశారు. వ్యానుకు పేరుంది, నాకు లేదు.

అలవాటైన సంగతే. పదవీ విరమణ నాటి నుంచి ఆ ఆఫీసుకు ఉత్తరాలు రాస్తున్నాను. జవాబు రాలేదు. అడిగేది ఒక్కటే. తొంభై ఐదు సూర్యగ్రహణం నాడు, మా కరపత్రంలోని ఒక వాక్యాన్ని నమ్మి, ఒడిశా బరంపురంలోని గోసాని నువాగాంలో సావిత్రి అనే నేతగత్తె చూపు పాడుచేసుకుంది. హెచ్చరికను ఆమె పాటించలేదని మా ఆఫీసు నివేదికలో రాసింది. అది అబద్ధం. దాన్ని దిద్దండి అంటున్నాను.

సంచికలో చోటివ్వలేదు కనుక ఇక్కడ రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు చదవాలి. నా తప్పు కూడా ఇందులో ఉంది. దాన్ని దాచి ఆఫీసు తప్పు మాత్రమే చెబితే, నాకూ వాళ్లకూ తేడా ఉండదు.

పని అంటే ఏమిటి

నా ఉద్యోగం పేరు ప్రదర్శకుడు. ఒక వ్యాను, మూడంగుళాల దుర్భిణి, ఒక మైకు, గ్రహాల బొమ్మలున్న గుడ్డ తెర. వ్యాను నడిపేవాడు దండాసి. ఇటు ఇచ్ఛాపురం హద్దు నుంచి అటు ఖల్లికోట దాకా, ఊరికి తగ్గట్టు తెలుగులోనో ఒడియాలోనో ఆకాశం గురించి చెప్పాలి. శనిగ్రహం వలయం చూపించాలి, చంద్రుడి గుంటలు చూపించాలి. వరసలో నిలబడ్డ ముసలమ్మ కన్ను ఆనించి, "ఏటీ కనపడ్నేదు బాబూ" అంటే, విసుక్కోకుండా మళ్లీ సరిచెయ్యాలి.

దుర్భిణి చూపించడం తేలిక. నమ్మకం సంపాదించడం కష్టమని ఆ రోజుల్లో అనుకునేవాణ్ణి. ఇప్పుడు అలా అనుకోను. నమ్మకం సంపాదించడమూ తేలికే. సంపాదించాక ఏం చేస్తామన్నదే కష్టం.

ఒక ఉదాహరణ చెబుతాను. డెబ్భై తొమ్మిదిలో అమెరికావాళ్ల అంతరిక్ష ప్రయోగశాల ఒకటి కక్ష్య తప్పి కూలిపోతోందని రేడియోలో వచ్చింది. ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలియదు. గంజాం పట్నం పక్కన, ఋషికుల్య సముద్రంలో కలిసేచోట, బెస్తలు పడవలు ఒడ్డునే ఉంచేశారు. ఇంటి పైకప్పు మీద పడితే పిల్లల్ని ఎత్తుకుని పారిపోవచ్చు, నడిసముద్రంలో ఎక్కడికి పారిపోతామని వాళ్ల వాదన. మమ్మల్ని పంపించారు.

మా పైఅధికారి మహాపాత్రో గారు భువనేశ్వర్‌లో ఉండేవారు. బయలుదేరేముందు టెలిఫోనులో చెప్పారు.

"మూర్తిబాబూ, ఇక్కడ పడదని చెప్పండి."

"ఎక్కడ పడుతుందో ఇంకా తెలియదు కదండీ."

"తెలియదని చెప్పడానికి వ్యానెందుకు? డీజిలెందుకు?"

సముద్రపొడ్డున మైకు పట్టుకుని పడదని చెప్పాను. నాకేం తెలుసు? ఏమీ తెలియదు. అది పోయి ఆస్ట్రేలియాలో పడింది. వారం తరవాత మళ్లీ వెళితే బెస్తలు దండ వేశారు. ఒకాయన నా చేతులు పట్టుకుని, "మేస్టారు సెప్పినట్టే అయినాది. సోదమ్మలకి కూడా ఇంత కరస్టుగా తెల్దు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. దండాసి మాత్రం వ్యానులో కూర్చున్నాక, "సార్, అది మన ఊళ్లోనే పడుంటే ఈ దండ ఎవురికి ఏసుందురండి?" అని అడిగాడు. ఆ దండను వ్యాను అద్దానికి తగిలించి ఎండిపోయేదాకా ఉంచుకున్నాను.

ఎనభై నాటి నిండు గ్రహణం

మరుసటి ఏడాది శివరాత్రి వెళ్లాక వచ్చిన అమావాస్యనాడు సూర్యగ్రహణం. ఈసారి చంద్రుడి నీడ సరిగ్గా మా మీదుగా పోతుంది. బరంపురంలో సూర్యుడు పూర్తిగా మూసుకుపోతాడు. అలాంటిది ఒక ఊరికి కొన్ని వందల ఏళ్లకు ఒకసారి వస్తుంది. నా జీవితంలో మళ్లీ రాదని లెక్క కట్టుకుని, ఆ నెలంతా ఇంట్లో అన్నం కూడా సరిగా తినలేదు.

తెలుగు కరపత్రం నేనే రాశాను. ఎండ ఉన్నంతసేపు ఉట్టి కళ్లతో చూడొద్దనీ, నల్ల ఫిలిం ముక్క కళ్లకు అడ్డం పెట్టుకోమనీ, లేదంటే జల్లెడ కింద పడే నెలవంకల్లాంటి వెలుగు మచ్చలు చూడమనీ రాశాను. తరవాత ఈ వాక్యం రాశాను: "గ్రహణం నిండుగా పట్టి సూర్యుడు మూసుకుపోయిన ఆ రెండు నిమిషాలూ నల్ల ఫిలిం తీసేసి ఉట్టి కళ్లతో చూడవచ్చు, భయం లేదు."

అది నిజం. సూర్యబింబం పూర్తిగా కప్పుకుపోయినప్పుడు కంటిని కాల్చే వెలుగు ఉండదు. చుట్టూ ఉన్న తెల్లటి కిరీటాన్ని ఫిలిం అడ్డంపెట్టుకుని చూస్తే ఏమీ కనిపించదు. తీసి చూడాల్సిందే. కానీ "ఈ ఊళ్లో, ఈ ఒక్క గ్రహణానికే" అన్న మాట రాయలేదు. ఎందుకు రాయాలి? కరపత్రం మీద తేదీ ఉంది. ఆ తేదీ దాటాక దాన్ని ఎవరు చదువుతారు?

ఆ రోజు మధ్యాహ్నం గోసాని నువాగాంలో నేతపనివాళ్ల వీధికి వెళ్లాం. వీధిలో ఒక్క తలుపు తీసి లేదు. మగ్గాలు ఆగిపోయాయి. వంటింటి కుండల మీద దర్భలు వేశారు. అప్పన్న అనే పెద్ద నేతగాడు మాత్రం అరుగు మీద ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి, రోకలి నిలబెట్టి, దానికేసి చూస్తూ కూర్చున్నాడు. గ్రహణం ఉన్నంతసేపూ రోకలి దానంతటదే నిలబడుతుందనీ, విడవగానే పడిపోతుందనీ అక్కడ నమ్ముతారు.

"సూడండి మేస్టారు, ఎవురూ పట్టుకోనేదు" అన్నాడు.

"రేపు వచ్చి నేనూ నిలబెడతాను అప్పన్నా. రోకలి అడుగు చదునుగా ఉంటే ఏ రోజైనా నిలబడుతుంది."

"రేపు నువ్వు నిలబెడతావు. ఇయ్యాల అదే నిలబడ్డాది. రెండూ ఒకటేటి?"

అతనితో వాదిస్తూ ఉండగానే లోపలి నుంచి పన్నెండేళ్ల పిల్ల బయటికి వచ్చింది. అప్పన్న కూతురు సావిత్రి. తలుపు సందులోంచి నేల మీద పడ్డ వెలుగు నెలవంకలా ఉందట, అదేమిటని అడిగింది. జల్లెడ తెమ్మన్నాను. అరుగంతా నెలవంకలు. దాన్ని చూసి అప్పన్న కూడా రోకలిని వదిలేసి లేచాడు. ఇద్దరినీ మేడ మీదికి తీసుకెళ్లి, చెరో నల్ల ఫిలిం ముక్క ఇచ్చాను.

చీకటి కమ్మింది. ఫిలిం తియ్యమన్నాను. ఆ పిల్ల తియ్యడానికి భయపడింది. తండ్రికేసి చూసింది. "నేను చెబుతున్నాను కదా" అన్నాను.

తీసింది. తరవాత మెల్లగా, "నల్ల సీరకి ఎండి జరీ అంచులాగుంది నాన్నా" అంది.

నలభై ఏళ్లకు పైగా ఆకాశం గురించి మాట్లాడాను, రాశాను. సూర్యకిరీటం గురించి అంత బాగా నేనెప్పుడూ చెప్పలేదు. మర్నాడు వెళ్లి రోకలి నిలబెట్టాను, అన్నమాట ప్రకారం. అప్పన్న పట్టించుకోలేదు. సావిత్రి మాత్రం గ్రహణం మళ్లీ ఎప్పుడొస్తుందని అడిగింది. ఇక్కడికి మళ్లీ రాదని చెప్పాను. చెప్పానని నా నమ్మకం. ఆమె మాత్రం, "ఇంకోటొస్తే సెప్తానన్నారు" అంటుంది. ఆమె మాటే నిజం కావచ్చు.

కుర్చీ సంగతి

ఇది చెప్పడానికి ఇబ్బందిగా ఉంది, కానీ చెప్పకపోతే తరవాతిది అర్థం కాదు.

తొంభై నాలుగులో ఆ వీధి సంఘంవాళ్లు దసరా సభకు పిలిచారు. నక్షత్రాల గురించి మాట్లాడాలి. సాయంత్రానికి వెళ్లాను. వేదిక మీద నాలుగు కుర్చీలు. నాలుగింట్లోనూ మనుషులున్నారు. ఒకాయన ఛత్రపురం నుంచి వచ్చిన జ్యోతిష్కుడు. నన్ను మెట్ల దగ్గర నిలబెట్టారు. ఆయన గంటకు పైగా శని గురించి మాట్లాడాడు. శని వలయం నా దుర్భిణిలో చూపించడానికి బయట అంతా అమర్చి వచ్చాను. తరవాత మైకు నా చేతికిచ్చి, సంఘం కార్యదర్శి చెవిలో, "మేస్టారు, అయిదు నిమిషాల్లో తేల్చెయ్యండి, భోజనాలు సల్లారిపోతన్నాయి" అన్నాడు. మైకు అక్కడే పెట్టి వచ్చేశాను. ఆ వీధిలో ఇక అడుగుపెట్టనని దండాసితో చెప్పాను.

"కుర్చీ లేకపోతే ఏటండి, మన వ్యానులో రెండున్నాయి కదా, నాను తెచ్చేసుందును" అన్నాడు దండాసి. అతనికి ఎప్పుడూ అంతే. అవమానం అర్థం కాదు.

కట్టలు

మరుసటి ఏడాది దీపావళి మర్నాటి పొద్దున మళ్లీ సూర్యగ్రహణం. కానీ ఈసారి పూర్తి నీడ రాజస్థాన్ నుంచి బెంగాలు మీదుగా పోతుంది. మా జిల్లాలో ఎక్కడా సూర్యుడు పూర్తిగా మూసుకోడు. చాలా వరకు కప్పుకుపోయినా, సన్నటి అంచు వెలుగుతూనే ఉంటుంది. ఆ అంచు చాలు కన్ను కాలడానికి.

భువనేశ్వర్ నుంచి కరపత్రాల కట్టలు దిగాయి. పై పేజీలో కొత్త తేదీ. లోపల, ఎనభైలో నేను రాసిందే, అక్షరం మార్చకుండా. కింద నా పేరు కూడా. నన్ను అడగలేదు. నా వాక్యం అక్కడే ఉంది: నిండుగా పట్టినప్పుడు ఫిలిం తీసేసి చూడవచ్చు, భయం లేదు.

బజారులో ఫోను బూత్‌కు వెళ్లి మహాపాత్రో గారితో మాట్లాడాను.

"వాక్యం మీదే కదా మూర్తిబాబూ?"

"నాదే. అప్పటి గ్రహణానికి."

"అప్పటి సైన్సు ఇప్పుడు మారిపోయిందా?"

"సైన్సు మారలేదండి. నీడ మారింది. ఈసారి మన దగ్గర నిండుగా పట్టదు. తియ్యమని రాస్తే జనం నిండుతుందని ఎదురుచూస్తారు."

"నిండితేనే తియ్యమన్నారు. నిండకపోతే తియ్యరు. తప్పేముంది? అచ్చయిపోయింది. పంచండి. ఇవన్నీ ఎవరు చదువుతారు?"

"ఎవరూ చదవకపోతే ఎందుకు వేశారండీ?"

"మీతో ఇదే వచ్చిన చిక్కు" అని పెట్టేశారు.

నేనూ దండాసీ వ్యాను వెనక తలుపులు తెరిచి, కింద చాప పరుచుకుని, ఒక్కో కరపత్రంలో ఆ వాక్యాన్ని కలంతో కొట్టేశాం. నాలుగు రోజులు అదే పని. దండాసికి తెలుగు చదవడం రాదు. పైనుంచి ఎన్నో పంక్తో లెక్కపెట్టుకుని గీత గీసేవాడు. ఒక్కటి తప్పలేదు.

చివరికి ఒక కట్ట మిగిలింది. గోసాని నువాగాం కట్ట.

"ఇది కూడా కొట్టెద్దామండి. సాయంత్రానికి అయిపోద్ది."

"ఒగ్గేయ్ దండాసీ. వాళ్లు తలుపులేసుకుని కూర్చుంటారు. ఒక్కడు బయటికి రాడు. వాళ్లకి ఛత్రపురం పంతులున్నాడుగా, ఆయన చెబుతాడు."

"సార్, అలగనకండి. పోనీ మీరే ఎల్లి ఒకపాలి మైకులో సెప్పెయ్యండి."

"ఆ వీధిలోకి నేను రాను."

అతను కట్ట తీసుకెళ్లి సంఘం గదిలో ఇచ్చి వచ్చాడు.

నేను చెప్పింది చాలావరకు నిజమే అయింది. దీపావళి మర్నాడు ఆ వీధిలో అందరూ తలుపులు వేసుకున్నారు. ఒక్క మనిషి తప్ప. ఆ మనిషిని పదిహేనేళ్ల కిందట బయటికి పిలిచినవాణ్ణి నేనే. ఆ సంగతి ఆ సాయంత్రం నాకు గుర్తు రాలేదు.

దీపావళి మర్నాడు

గ్రహణం వేళకు నేను గంజాం పట్నం బడిలో ఉన్నాను. తెల్ల గోడ మీద అద్దంతో సూర్యబింబాన్ని పడేసి పిల్లలకు చూపించాను. వెలుగు పాత ఇత్తడి రంగుకు మారింది. చీకటి పడలేదు. ఎవరి కంటికీ ఏమీ కాలేదు. సంతోషంగా తిరిగొచ్చాను. మంచి పని చేశానని ఇంట్లో చెప్పుకున్నాను కూడా.

మూడో రోజు దండాసి వచ్చి చెప్పాడు. తరవాత సావిత్రి నోట విన్నది, పక్కింటివాళ్లు చెప్పింది కలిపి రాస్తున్నాను.

సావిత్రికి అప్పటికి ఇరవై ఏడేళ్లు. అదే వీధిలో పెళ్లి, ఇద్దరు పిల్లలు. పట్టుచీరకు గుడిగోపురాల్లాంటి కుంభాల అంచు నెయ్యడంలో ఆ వీధిలో ఆమెకు పోటీ లేదు. సన్న దారం తెగితే దీపం లేకుండా అతికేది. సంఘం గదిలో కరపత్రం తీసుకుంది. కింద నా పేరు చూసి, పూర్తిగా చదివింది. బజారులో అమ్మే మెరుపు కాగితం కళ్లద్దాలు తెప్పించుకుంది. ఇంట్లోవాళ్లు వద్దంటే, "మేస్టారు రాసినారు. అప్పుడు సూసినాను, ఏటైనాది?" అంది.

ఇంట్లో టీవీ పెట్టారు. గ్రహణాన్ని దేశంలో వేరేవేరే చోట్ల నుంచి చూపిస్తున్నారు. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని మేడ మీద నిలబడింది. కిందనుంచి భర్త టీవీ చూస్తూ చెబుతున్నాడు. టీవీలో సూర్యుడు పూర్తిగా మూసుకుపోయాడు. ఉంగరంలా మెరిసింది.

"నిండిపోనాది సావిత్రీ, టీవీలో సెప్తన్నారు" అని అరిచాడతను.

అది బెంగాలులో నిండింది. గోసాని నువాగాంలో కాదు. కానీ వెలుగు నిజంగానే తగ్గింది. కరపత్రంలో ఉంది, టీవీలో చెప్పారు. ఆమె కళ్లద్దాలు తీసేసింది. వెండి అంచు కోసం చూసింది. కనబడలేదు. ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అనుకుంటూ చూసింది.

నొప్పి ఉండదు. ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. కంటి వెనక పొరకు నొప్పి తెలియదు. సాయంత్రం మగ్గం ముందు కూర్చున్నాకే ఆమెకు తెలిసింది. ఎక్కడ చూస్తే అక్కడ నల్లమచ్చ. పక్కనున్న దారాలు కనిపిస్తాయి. చూడాలనుకున్న దారం కనిపించదు.

పెద్దాసుపత్రి డాక్టరు మందు లేదన్నాడు. కొందరికి నెలల్లో కొంత తిరిగొస్తుందన్నాడు. ఆమెకు ఎడమ కంట్లో కాస్త తిరిగొచ్చింది. మగ్గానికి చాలలేదు.

నేను ఆ వీధిలోకి వెళ్లాను. వెళ్లనన్న మాట తప్పాను. నాలుగు రోజుల ముందు తప్పి ఉంటే సరిపోయేది. అప్పన్న అరుగు మీద కూర్చున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"రండి మేస్టారు. ఆ పాలి నాను రోకలి నిలబెట్టుకుని కూకున్నాను. ఎర్రిముండాకొడుకునన్నట్టు సూసినారు. రోకలి ఎవురి కళ్లూ తియ్యనేదు."

ఆ రోజు ఆ వీధిలో తలుపులు వేసుకున్నవాళ్లంతా క్షేమంగా ఉన్నారు. నన్ను నమ్మిన ఆ ఒక్క మనిషే క్షేమంగా లేదు. ఛత్రపురం జ్యోతిష్కుడు ఈ సంగతిని ఎన్ని సభల్లో చెప్పాడో నాకు తెలుసు.

సావిత్రి లోపల రాట్నం దగ్గర దారం కండెలు చుడుతోంది. ఆ పని చేత్తో తడుముకుని చెయ్యొచ్చు. నా గొంతు విని ముఖం కొంచెం పక్కకు తిప్పింది. అలా తిప్పితే మనిషి కనిపిస్తాడట.

"మేస్టారూ, ఎండి అంచు ఎందుకు రానేదండి?" అని అడిగింది.

ఈసారి ఇక్కడ నిండుగా పట్టదమ్మా అన్నాను.

"మరి అలగని రాయవలిసింది కదండీ" అంది. కోపంగా కాదు. చీరలో తప్పు చూపించే గొంతుతో.

ఆఫీసు రాసుకున్నది

విచారణ జరిగింది. పంచిన కరపత్రం ప్రతి ఒకటి పంపమని నన్ను అడిగారు. గీత కొట్టేసిన కాపీలు పంపాను. నేను జాగ్రత్తపడ్డానని, ఆఫీసు తప్పును దిద్దానని వాళ్లకు తెలియాలనుకున్నాను. దాన్నే వాళ్లు సాక్ష్యంగా పెట్టుకున్నారు. "అభ్యంతరకరమైన వాక్యం పంపిణీకి ముందే తొలగించబడినది. బాధితురాలు హెచ్చరికను పాటించక ఉట్టి కళ్లతో చూసినది." ఇదీ నివేదిక. ఆమెను తప్పుపట్టడానికి వాళ్లకు నా కలం గీతే పనికొచ్చింది.

ఒక కట్ట కొట్టేయకుండా పోయిందని నాకు తెలుసు. దండాసికి తెలుసు. నేను చెప్పలేదు. చెబితే ఆ కట్టను ఎందుకు వదిలేశావని అడుగుతారు. కుర్చీ ఇవ్వలేదని చెప్పాలి. మూడేళ్లలో పదవీ విరమణ. నోరు మూసుకున్నాను. దండాసి ఒకసారి, "సార్, నన్నడిగితే నాను సెప్పెద్దును. నన్నెవురూ అడగరు" అన్నాడు. నిజంగానే అతన్ని ఎవరూ అడగలేదు. ఆఫీసులో నన్ను పట్టించుకోరని నేను ఏడుస్తుండేవాణ్ణి. అతన్ని నేనూ పట్టించుకోలేదు. దండాసి పోయి పన్నెండేళ్లయింది.

నివేదిక నకలు ఆసుపత్రికీ వెళ్లింది, నేతసంఘానికీ వెళ్లింది. సంఘం గదిలో చదివి వినిపించారట. అప్పటినుంచి ఆ వీధిలో సావిత్రికి ఒక పేరు పడింది: దేవుడి మాటా విననిది, సర్కారు మాటా విననిది. పిల్లలు అల్లరి చేస్తే, "సావిత్రమ్మనాగ ఎవురి మాటా ఇనవేటి" అని తిడతారు. నేను స్వయంగా విన్నాను.

పదవీ విరమణ చేసిన వారానికి వెళ్లి ఆమెకు అంతా చెప్పాను. కట్ట సంగతి, సభ సంగతి. చాలాసేపు కండె చుడుతూనే ఉంది.

"అయితే అలిగినారేటి? కుర్చీ కోసరం?"

"అవునమ్మా."

"మా ఇంటికొస్తే పీటేసుందును కదండీ."

తరవాత లేచి, పాత పంచాంగంలోంచి మడత పెట్టిన కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ కరపత్రం. వాక్యం మీద గీత లేదు.

"కళ్లు పోనాయంటే పోనాయి, ఏటి సేస్తాం. నాను మాట ఇనలేదని రాసినారు సూడండి, అదే ఓర్సుకోలేకపోతన్నాను. నాను సదివే సూసినాను. అది రాయించండి సాలు."

ఆ కాగితం నకలు జతచేసి, నా తప్పు ఒప్పుకుంటూ మొదటి ఉత్తరం రాశాను. జవాబు లేదు. తరవాత రాసినవాటికీ లేదు. సమాచార హక్కు కింద అడిగితే పాత దస్త్రాలు తీసేశామన్నారు. ఒకసారి స్వయంగా వెళితే కొత్తగా వచ్చిన అధికారి ఒకాయన టీ ఇప్పించి, "అంకుల్, ఇంత వయసులో ఇవన్నీ ఎందుకు? ఆకాశం చూస్తూ హాయిగా ఉండండి" అన్నాడు. ఆ టీ తాగకుండా వచ్చేశాను.

కొత్తగా వచ్చేవాళ్లకు

ఇప్పుడు మీకు చెప్పడానికి నాకంటే ఎక్కువ సంగతులున్నాయి. ఆ గ్రహణం వచ్చిన నెలలోనే, మన సూర్యుడిలాంటి వేరే సూర్యుడి చుట్టూ ఒక గ్రహం తిరుగుతోందని కనిపెట్టారు. ఇప్పుడు అలాంటివి వేల సంఖ్యలో ఉన్నాయి. కృష్ణబిలం నీడను ఫోటో తీశారు. వేరే నక్షత్రాల దగ్గరి నుంచి ఒక రాయి మన సూర్యుడి పక్కగా వచ్చి పోయింది. అది గ్రహాంతరవాసుల ఓడ అన్నవాళ్లూ ఉన్నారు. మొన్న ఒక అబ్బాయి ఫోనులో చూపించి అది నిజమేనా అని అడిగాడు. రాయే అయివుంటుంది, ఓడ అనడానికి ఆధారం నాకు కనబడలేదు, అంతకుమించి తెలియదు అన్నాను. సముద్రపొడ్డున దండ వేయించుకున్న రోజున చెప్పాల్సిన మాట అది. నలభై ఏళ్లు ఆలస్యమైంది.

వింత సిద్ధాంతాలు చెప్పేవాళ్ల గురించి ఎక్కువ బెంగపడకండి. ప్రపంచం మునిగిపోతుందన్న ప్రతిసారీ నేను వ్యానేసుకుని పరిగెత్తాను. ఆ భయాలు వాటంతట అవే తగ్గాయి. నా ఉద్యోగంలో ఒక మనిషికి శాశ్వతంగా నష్టం చేసింది మూఢనమ్మకం కాదు. సరైన సైన్సు వాక్యం, తప్పు ఊళ్లో, తప్పు రోజున. మీరు రాసిన ప్రతి మాటకూ ఊరూ తేదీ రాయండి. మీ పేరుతో ఎవరైనా మళ్లీ అచ్చువేస్తే, వీధిలో కూర్చుని అరవండి, ఉద్యోగం పోతే పోనివ్వండి. మీకు ఎవరి మీద కోపముందో ముందుగా వాళ్ల వీధికే వెళ్లండి.

మహాపాత్రో గారు మంచి చదువరి, నిజాయితీపరుడు. లంచం తీసుకోలేదు. ఎవరూ చదవరని నమ్మారు, అదే ఆయన దోషం. జనం కోసం రాసేవాడిలో అంతకంటే పెద్ద దోషం ఉండదని నా అభిప్రాయం. ఆయన కూడా పోయారు.

సావిత్రికి యాభై ఏడేళ్లు. నాకు ఎనభై అయిదు. ఈ పత్రం చదువుతున్న వారిలో ఆ కార్యాలయంలో ఇప్పుడు సంతకం చేసే అధికారం ఉన్నవారు ఎవరో ఒకరు ఉంటారు. వారిని అడుగుతున్నాను. నా పాత ఉత్తరాలకు జవాబు అక్కర్లేదు, నా పేరు సంచికలో వెయ్యనక్కర్లేదు. గోసాని నువాగాం నేతపనివాళ్ల వీధిలో అప్పన్న కూతురు సావిత్రికి ఒక ఉత్తరం రాయండి. మా కరపత్రంలో ఆ వాక్యం ఉందని, మీరు దాన్ని చదివి, అందులో చెప్పినట్టే చేశారని రాయండి. తెలుగులో రాయండి, ఆమె కూతురు చదివి వినిపిస్తుంది. ఒక నకలు సంఘం గదిలో అతికించండి. నివేదిక ఆ గదిలోనే చదివారు.

ఎవరు రాస్తారో, ఎప్పటికి రాస్తారో చెప్పండి.